ఐసులో ఉప్పు

పోటు ఇంకా ఎక్కలేదు. నీళ్ళు రేవుమెట్ల దాకా వస్తేగాని పడవ రాదు, పడవ వస్తేగాని ఈ లంకలోంచి బయటపడే దారి లేదు, నాగదుర్గ మట్టుకు ఆ బురదవంక చూస్తూ రావద్దు, అప్పుడే రావద్దు అని గోదారిని బతిమాలుకుంటోంది. ఇందాకటి దాకా ఆమే ఇదే గట్టు మీద కూచుని పడవ ఎప్పుడొస్తుందా అని విసుక్కుంది. టీకాల డబ్బాలోంచి కరిగిన నీళ్ళు కారి చీర తడుస్తోందని మూత తీసింది, నీళ్ళు పారబోసింది, అడుగున మిగిలిపోయిన డీపీటీ సీసా చేతికి తగిలింది, ఊరికే, ఏమీ తోచక, ఎండకెత్తి చూసింది. చూడకపోతే ఎంత బాగుండేది! ఈపాటికి, పొద్దున్న బడి వరండాలో తల్లులందరూ తన చేతివాటాన్ని మెచ్చుకున్న సంగతి హాస్టల్లో ఏయే మాటలతో చెప్పాలా అని తీరిగ్గా కూర్చుకుంటూ ఉండేది. సీసాలో మందు పల్చటి పాలలా ఉండాలి. లేదు. పైన తేట, అడుగున ముక్కలు ముక్కలుగా తెల్లటి మడ్డి. ఊపింది. ముక్కలు లేచాయి, గిర్రున తిరిగాయి, తిరిగి తిరిగి మళ్ళీ అడుక్కి దిగిపోయాయి. ఎండ కళ్ళల్లో పడి అలా కనిపిస్తోందేమోనని కొంగు చాటు చేసుకుని ఊపింది. దిగిపోయాయి. అమ్మ బాబోయ్ అనుకుంది, పైకే అనేసిందేమో కూడా, గట్టు మీద మేస్తున్న మేక ఒకటి తలెత్తి చూసింది.

ఇలాంటి సీసాని ఆమె ఇంతకుముందు చూసింది. నర్సు ట్రైనింగులో, భవానీదేవి మేడమ్ క్లాసులో. మేడమ్ రెండు చేతుల్లో రెండు సీసాలు పట్టుకుని ఒక్కసారే ఊపి బల్ల మీద పెట్టారు, ఒకటి తెల్లగా అలాగే ఉండిపోయింది, రెండోది విరిగిన పాలలా కిందికి దిగింది. ఆ దిగడం కళ్ళకి ఎక్కిందిగాని ఆవిడ చెప్పిన మాటలు చెవులకి ఎక్కలేదు, ఎందుకు ఎక్కలేదో నాగదుర్గకి బాగా తెలుసు, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ వేళ పాఠం ఐసు గురించి. టీకామందుల్ని చల్లగా ఉంచడం గురించి. మేడమ్ ‘ఐసు’ అన్నారో లేదో వెనక బెంచీలో కిసుక్కుమన్నారు, ఎవరో సన్నగా ‘పుల్లైసూ’ అని కేకేశారు, బజార్లో బండివాడు కేకేసినట్టే. నాగదుర్గ నాన్న చిన్నబ్బాయి రాజోలులో సైకిలు మీద ఐసుపెట్టె కట్టుకుని బడుల దగ్గర పుల్లైసు అమ్ముతాడు, ఆ సంగతి హాస్టల్లో ఎవరి నోటమ్మట వచ్చిందో ఏమో, రెండేళ్ళుగా ఆమెకి అదే పేరు. ఆ రోజు చెవులు వేడెక్కిపోయి, తలొంచుకుని, మీ నాన్నలందరూ కలెక్టర్లే కాబోలు అని లోపల్లోపల తిట్టుకుంటూ కూచుంది. ఆ తిట్ల మధ్యలోంచి ఇప్పుడు ఒక్కో ముక్కా బయటికొస్తోంది, రావలసినప్పుడు రాకుండా. పోలియో గడ్డకట్టినా బతుకుతుందమ్మాయిలూ. తట్టు మందు పొడీ బతుకుతుంది. డీపీటీ గడ్డకట్టిందా, ఇక అది మందు కాదు. చూడ్డానికి మందులాగే ఉంటుంది, కరిగితే సిరంజిలోకీ వస్తుంది, పిల్ల ఏడుస్తుంది, తల్లి సంతోషిస్తుంది, అంతే, లోపల చేసే పని మాత్రం చెయ్యదు.

నాగదుర్గకి తెలివెక్కువ. ఎక్కువని అందరూ అంటారు గనక ఆమె కూడా నమ్మేసింది. బీసీజీ ఎడమ భుజానికి, పైచర్మంలోకి, బటాణీ గింజంత పొంగాలి. పోలియో నాలిక మీద రెండు చుక్కలు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే డీపీటీ తొడకి, కండలోకి, పొడిచాక రుద్దకూడదు. తట్టుకి తొమ్మిది నెలలు నిండాలి, కూడా విటమిన్ ఏ చెంచాతో. నిద్దట్లో లేపి అడిగినా చెబుతుంది. అంత చెప్పే పిల్లకి ఈ ఒక్క ముక్క రాకపోవడం ఏం ఖర్మ! తుఫాను వెళ్ళి మాఘమాసం వచ్చినా ఈ వైపు కరెంటు కుదురుగా లేదు, చాలాచోట్ల స్తంభాలు పడినవి పడినట్టే ఉన్నాయి, కొబ్బరిచెట్లు తలలు విరిగి మొండాలతో నిలబడ్డాయి, ఆస్పత్రిలో ఫ్రిజ్ ఉత్త బీరువా అయిపోయింది. పొద్దున్న జీపులో మందులొచ్చాయిగాని వాటితో వచ్చిన ఐసు సగం నీళ్ళే. ఈ లంక నర్సమ్మ సూర్యకాంతంగారు, నాగదుర్గ పల్లె డ్యూటీ ఆవిడ కిందే, చేపల పడవ దగ్గర ఒక ఐసుముక్క కొని, గోనెలో పెట్టి చితక్కొట్టించి, ‘ఇదీ లంక చేరేసరికి నీళ్ళయిపోతుందే, ఏం చెయ్యనే’ అని దిగులుపడ్డారు. అప్పుడు నాగదుర్గకి నాన్న గుర్తొచ్చాడు. పెట్టెలో ఐసు దంచి పోశాక గుప్పెడు కళ్ళుప్పు జల్లి, మూతేసి, దాని మీద గోనె కప్పుతూ, ‘ఉప్పు పడితే ఐసుకి పొగరెక్కుతుందే అమ్మలూ, సాయంత్రందాకా దిగదు’ అనేవాడు. పక్కనున్న టీ కొట్టుకి పరిగెత్తుకెళ్ళి దోసెడు ఉప్పు అడిగి తెచ్చి, మందుల సీసాల చుట్టూ ఉన్న ఐసు మీద తనే జల్లింది. ఇదేంటే అన్నారు సూర్యకాంతంగారు. మా నాన్న ఇలాగే చేస్తారండీ అంది, మొదటిసారి సిగ్గుపడకుండా అంది. ఆవిడ వీపు తట్టి, ‘ఆయ్, బుర్రంటే నీదేనే’ అన్నారు. ఆ మాటకి నాగదుర్గ పడవలో వచ్చినంతసేపూ పొంగిపోతూనే ఉంది. పుల్లైసు పుల్లైసు అని నవ్వినవాళ్ళంతా ఇప్పుడొచ్చి చూడండి అనుకుంది. చూస్తారు, బాగా చూస్తారు, ఇప్పుడు చెబితే.

ఆ పొగరుకే మందు గడ్డకట్టింది. దానికి తోడు ఇంకోటి. వరండాలో చాప పరిచి, ఉడకబెట్టిన సూదులు బట్ట మీద పేర్చి, మొదటి సీసా తీసినప్పుడే లోపల సన్నటి మంచుపెచ్చు కనిపించింది. కనిపించలేదని ఎవరికైనా చెప్పుకోవచ్చుగాని తనకి తను ఎలా చెప్పుకోగలదు? కనిపించింది. సంబరపడింది కూడా, ఎంత చల్లగా వచ్చిందో అని. సీసాని గుప్పిట్లో పెట్టుకుని, నోటితో ఆవిరి ఊది, కరిగించి, సిరంజిలోకి లాగింది. సూర్యకాంతంగారు పోలియో చుక్కలు పట్టుకుని, ‘నీ చెయ్యి తేలికే, సూదులు నువ్వే పొడు’ అనడంతో అన్నీ తనే పొడిచింది. సీసా తర్వాత సీసా, గుప్పిట్లో కరిగించడం, పొడవడం, బాబు ఏడవడం, తల్లి కొంగుతో కళ్ళొత్తడం, అరమాత్ర చేతిలో పెట్టి రాత్రికి ఒళ్ళు వెచ్చబడితే భయపడకండి అని చెప్పడం. ఎంత బాగా చెప్పింది! రేపు పరీక్షలో పది మార్కులు ఎక్కువ వేసేటట్టు చెప్పింది. ఆ ఉత్త నీళ్ళకి.

అందరిలోకీ ఆఖర్న వచ్చిన మనిషి వీరవేణి. ఆవిడ తలపుకొచ్చేసరికే నాగదుర్గ ఆలోచన అటు పోకుండా గోదారి మీదికీ, అవతల ఒడ్డున కడుతున్న వలల మీదికీ, మేక మీదికీ పరిగెడుతోంది, ఎటు పరిగెత్తినా మళ్ళీ తిరిగొచ్చి ఆ పిల్లాడి మెడ దగ్గరే ఆగుతోంది. మెడలో నల్లదారానికి రాగి తాయెత్తు. వీరవేణి మొదటి పాప రెండేళ్ళ కిందట కంఠసర్పితో పోయిందని సూర్యకాంతంగారు చెప్పారు. అంతర్వేది కల్యాణానికి ఎత్తుకెళ్ళారు, జనంలో తిరిగారు, వారం తిరక్కుండా గొంతు నొప్పన్నారు, నోరు తెరిచి చూస్తే లోపల బూడిదరంగు పొర, మెడ ఇంత లావున వాచిపోయింది, పడవలో పెట్టి అమలాపురం తీసుకెళ్తుంటే గోదారి మధ్యలో ఊపిరాడక పోయింది. పాపకి సూదులు వేయించలేదు, వేయిస్తే జ్వరం వస్తుందని అత్తగారు వద్దన్నారుట. ఈ పిల్లాడు పుట్టాక వీరవేణి ఎవరి మాటా వినలేదు. మూడు సూదులూ పడేదాకా వీణ్ణి ఈ రేవు దాటించనని మొక్కుకుంది, తాయెత్తు కట్టింది. అంతర్వేదిలో వాళ్ళమ్మకి పక్షవాతం, మంచం దిగలేదు, మనవణ్ణి చూపించవే అని కబుర్ల మీద కబుర్లు పంపుతున్నా పిల్లాణ్ణి ఎత్తుకెళ్ళలేదు. మస్కట్‌లో ఉన్న మొగుడు జనార్దన్ ఫోన్లో కేకలేసినా వెళ్ళలేదు. పొద్దున్న నాగదుర్గ సూది పట్టుకుని, తాయెత్తు చూసి నవ్వింది. ‘ఇంకా ఇదెందుకక్కా, ఈ సూదే పెద్ద తాయెత్తు’ అంది. ఎంత పెద్దమాట! మందు ఎక్కించాక వీరవేణి పిల్లాడి కంటే ముందు తనే ఏడ్చేసి, కళ్ళు తుడుచుకుని, ‘మూడూ అయిపోయినట్టేనాండీ? ఇంక భయం లేదు కదండీ?’ అని అడిగింది. లేదక్కా, నీకు భయం లేదు అని తనే చెప్పింది, పిల్లాడి బుగ్గ గిల్లి మరీ చెప్పింది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? సూర్యకాంతంగారుంటే బాగుండేది, లంక ఆ చివర ఎవరికో పురిటి నొప్పులని, నువ్వు పడవెక్కి పోవే, నేను పొద్దుగూకి వస్తాను అని వెళ్ళిపోయారు. ఉంటే ఏమంటారు? ఏమంటారో తెలుసు, ఆ గొంతు కూడా వినబడుతోంది. నోరు మూసుకోవే పిచ్చిపిల్లా. ఈ లంకలో తలుపు తెరిపించడానికి ఎన్నేళ్ళు తిరిగాననుకున్నావు? సూదేస్తే మగపిల్లలు చచ్చుపడతారని ఒకడు పుట్టిస్తే రెండేళ్ళు ఒక్కరూ గడప దాటి రాలేదే. ఇప్పుడు నువ్వెళ్ళి సూదిలో మందు చెడిపోయిందని చెప్పేవనుకో, చెడిపోయిన మందు పిల్లలకి ఎక్కించేరని సాయంత్రానికి లంకంతా గుప్పుమంటుంది, ఇంక మళ్ళీ ఒక్క తల్లి పిల్లని తెస్తుందేంటే? అది నిజమే కదా. అది ఉత్త భయంతో చెబుతున్న సాకు కాదు కదా. అందులో సాకు ఎంతో నిజం ఎంతో నాగదుర్గ విడదీసి చూడబోయి, చూడలేక, మళ్ళీ సీసా ఊపింది. పోనీ ముందు రెండు సూదులూ మంచివే కదా, అప్పుడు ఉప్పు లేదు, తనూ లేదు. రెండు చాలవా? మూడూ పడితేగాని సరైన కాపు కాదమ్మాయిలూ, ఇదీ మేడమ్ గొంతే. ఈ మాటొకటి ఎందుకు విన్నానో! విననివి వినకుండా పోయాయి, ఇదొక్కటీ విన్నాను. పోనీ వచ్చే బుధవారం వచ్చినప్పుడు ఇంకోటి ఉందని చెప్పి పొడిచేస్తే? బలం మందని చెబితే? ఎవరికీ ఏమీ తెలీదు. సూర్యకాంతంగారికీ చెడ్డపేరు రాదు, తనని ట్రైనింగులోంచి తీసెయ్యరు, నాన్నకి ఈ సంగతి తెలీదు. నాన్నకి తెలిస్తే. కూతురు నర్సు చదువుతోందని రాజోలు బజారంతా చెప్పుకునే మనిషి, తన ఉప్పు ఇంత పని చేసిందని తెలిస్తే ఐసుపెట్టె ముట్టుకుంటాడా? బుధవారం దాకా ఏమవుతుంది, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు, పిల్లాడు లంకలోనే ఉన్నాడు, ఎవరిళ్ళకీ వెళ్ళడు, భద్రంగా ఉన్నాడు. అవును. బుధవారం దాకా లంకలోనే ఉంటాడు. సీసాని రుమాల్లో చుట్టి డబ్బాలో అడుక్కి తోసేసి మూత బిగించింది.

నీళ్ళు మొదటిమెట్టుకి తగిలాయి. దూరంగా మోటారు చప్పుడు.

‘నర్సమ్మగారూ, మీరింకా వెళ్ళలేదేటండీ? మంచిదే అయింది, తోడు దొరికేరు.’

వీరవేణి. పట్టుచీర, తలలో కనకాంబరాలు, చేతిలో సంచి, చంకలో పిల్లాడు. పిల్లాడికి జరీ కుళ్ళాయి, కాళ్ళకి కొత్త మువ్వలు, పొద్దున్న ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు, ఇప్పుడు మటుకు నాగదుర్గని చూసి నవ్వుతున్నాడు, పొడిచిన మనిషని గుర్తే లేదు.

‘ఎక్కడికక్కా?’ అంది నాగదుర్గ. అడగక్కర్లేదు, తెలుస్తూనే ఉంది.

‘అంతర్వేదండీ. మా అమ్మకి మా సతీషుగాణ్ణి చూపించాలి కదండీ. కల్యాణం రోజులు కూడాను, స్వామి దగ్గర కళ్ళకద్దించి తెచ్చేస్తాను. మీరు భయం లేదన్నారా, ఇంటికెళ్ళి అన్నం కూడా తిన్లేదండి, సంచి సర్దేసేను.’ ఆవిడ ఇంతలేసి మాటలు మాట్లాడుతుందని నాగదుర్గ అనుకోలేదు. పొద్దున్న సూది పడేదాకా పెదవులు బిగించుకుని కూచున్న మనిషి. ‘మీ పేరులోనూ నాగే, వీడి పేరులోనూ నాగే, నాగసతీషు. అందుకే మీ చేత్తో పూర్తవ్వాలని రాసిపెట్టుందండీ.’

చెప్పు, అనుకుంది. చెప్పకు, అనుకుంది. కల్యాణం. జనం, రథం వీధి, తోపులాట, ముసలమ్మ మంచం చుట్టూ వచ్చేపోయే చుట్టాలు, ఎవరెవరో చంకల్లోకి తీసుకుని ముద్దులు పెట్టడం, ఎవరో దగ్గడం. ఆ పాపని కూడా ఇదే రేవులోంచి ఇలాగే తీసుకెళ్ళి ఉంటారు, మువ్వలు తొడిగి. ఏమీ కాదు, అంతమంది పిల్లలు వస్తారు, అందరికీ అవుతుందా. అవదు. ఆ ఏడాదీ అందరికీ అవలేదు. పడవ మలుపు తిరిగి కనిపించింది, ముందుభాగంలో నిలబడ్డ సరంగు చెయ్యూపుతున్నాడు. వీరవేణి సంచి గట్టు మీద పెట్టి, మెట్లు దిగి, నీళ్ళ దగ్గర గొంతుక్కూచుని, పిల్లాడి మెడలో నల్లదారం ముడి విప్పడం మొదలెట్టింది.

‘ఏం చేస్తున్నావక్కా?’

‘మొక్కండీ. మూడో సూది పడ్డాక దీన్ని గోదారిలో కలిపేస్తాననుకున్నాను. పొద్దున్న మీరూ అన్నారు కదండీ, ఇంకెందుకూ అని.’

ముడి ఊడింది. తాయెత్తు ఆవిడ అరచేతిలో ఉంది, చెయ్యి నీళ్ళ మీదికి చాచింది. నాగదుర్గ ఎప్పుడు లేచిందో, బురదలో చెప్పు దిగబడితే ఎప్పుడు వదిలేసిందో తెలీదు, వీరవేణి మణికట్టు పట్టుకునుంది. ‘ఆగక్కా. వద్దు. పారెయ్యొద్దు’ అంది. తర్వాత ఏ మాట ముందు ఏ మాట వెనక చెప్పిందో ఆమెకే అంతుబట్టలేదు. ఉప్పు నేనే వేశానక్కా అంది. ఐసు మరీ ఎక్కువ చల్లబడి మందు గడ్డకట్టిపోయిందంది. పిల్లాడికి దానివల్ల హాని ఏమీ లేదు, ఒట్టు, హాని లేదు, కానీ ఈ మూడో సూది పడనట్టే అంది. ముందు రెండూ మంచివే, ఇదొక్కటే నా చేత్తో చెడింది, మా మేడమ్ కాళ్ళు పట్టుకునైనా మంచి మందు తెస్తాను, బుధవారం నేనే వస్తాను, మళ్ళీ పొడిపించు, అందాకా వీణ్ణి జనంలోకి తీసుకెళ్ళకు అంది. నా మాట నమ్మి బయల్దేరావు, భయం లేదని నేనే అన్నాను, ఉందక్కా అంది. ఏడుస్తూ అంది, ముక్కు చీదుకుంటూ అంది. ట్రైనింగులో ఇలా చెప్పమని ఎవరూ నేర్పలేదు.

వీరవేణి తిడుతుందనుకుంది. కొడుతుందేమో అని కూడా అనుకుంది, కొడితే బాగుండునని అనుకుంది. ఆవిడ పిల్లాడి మొహంలోకి చూసింది, వాడి గొంతుమీద బొటనవేలితో మెల్లగా రాసింది, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. పడవ వచ్చి మెట్లకి కొట్టుకుంది. కొబ్బరికాయల గెలలు, కోళ్ళ గంప, కల్యాణానికి పోయే ఆడంగులు, లోపల నుంచి ఎవరో, ‘రావే వీరవేణీ, ఇవాళ పిల్లాణ్ణి బయటికి తీసేవే, ఇలా ఇవ్వు, నే ఎత్తుకుంటాను’ అని చేతులు చాపారు. వీరవేణి ఒక అడుగు వెనక్కి వేసింది.

‘మేం రావట్లేదు లెండి. మా అమ్మకి చెప్పండి, ఇంకో వారం ఆగాలని’ అంది.

సరంగు నాగదుర్గ వైపు చూశాడు. ఎక్కుతారా నర్సమ్మగారూ అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బడి వరండాకి వచ్చిన తల్లులందరి ఇళ్ళూ ఈ గట్టు వెంబడే ఉన్నాయి, ఒక్కో గడప దగ్గరా ఇదే చెప్పాలి, చెప్పాక సూర్యకాంతంగారికి చెప్పాలి, మేడమ్‌కి చెప్పాలి, నాన్నకి చెప్పాలో వద్దో ఇంకా తెలీదు. పడవ వెనక్కి లాగి, తిరిగి, మోటారు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది.

వీరవేణి నల్లదారాన్ని మళ్ళీ పిల్లాడి మెడ చుట్టూ తిప్పి ముడి వెయ్యబోయింది. దారం జారిపోయింది. ఇంకోసారి వెయ్యబోయింది. జారిపోయింది. అప్పుడు పిల్లాణ్ణి భుజానికి తిప్పి, వాడి వీపు నాగదుర్గ వైపు పెట్టి నిలబడింది.

‘మీరు కట్టండి’ అంది.

పొద్దున్న తాయెత్తు చూసి నవ్విన నాగదుర్గ తడిచేతులు కొంగుకి తుడుచుకుని, జరీ కుళ్ళాయి పక్కకి జరిపి, పిల్లాడి మెడ వెనక దారం రెండు కొసలూ పట్టుకుంది. అక్కడ చర్మం ఎంత మెత్తగా ఉందో! వాడు తల తిప్పి ఆమె వేలు నోట్లో పెట్టుకోబోయాడు. ముడి వేసింది.

‘గట్టిగా కట్టండి నర్సమ్మగారూ’ అంది వీరవేణి, గోదారి వైపే చూస్తూ. ‘మీరు మళ్ళీ వచ్చేదాకా ఊడకూడదు.’

నాగదుర్గ దాని మీద ఇంకో ముడి వేసింది.